వాగును అడిగి పట్టుకుందాం

(మన సంఘం వార్షికోత్సవం సందర్భంగా చిక్కడపల్లిలో జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హాస్టల్ వార్డెన్లను సభకు పిలిస్తే ఏం మాట్లాడతారో మీకు ముందే తెలుసు. పొద్దున్నే లేవండి, ఫోన్లు పక్కన పెట్టండి, బాగా చదవండి. ఆ మాటలు మేము రోజూ చెబుతూనే ఉంటాం, మీరు రోజూ వింటూనే ఉంటారు. ఇవాళ వాటికి సెలవు. ఇవాళ చేపలు పట్టడం గురించి మాట్లాడతాం.

నవ్వండి, ఫర్వాలేదు. కానీ ఈ విషయం ఎంచుకోవడానికి మాకు రెండు కారణాలు ఉన్నాయి.

మొదటిది నవ్వుకునే కారణమే. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదువుతున్న మన తమ్ముళ్ళు నలుగురు డబ్బులు పోగేసి ఆన్‌లైన్‌లో ఒక ఫిషింగ్ రాడ్డు కొన్నారు. ఆదివారం వస్తే సిటీ బయట చెరువు గట్లకు పోతున్నారు. ఒకరోజు మా దగ్గరికి వచ్చి, "అక్కా, ఫోన్‌లో చూస్తే ఫ్లై ఫిషింగ్ అని ఉంది. ఈకతో చేసిన దోమను నీళ్ళ మీద విసిరి చేపను పడుతున్నారు. మనవాళ్ళకు ఇది తెలుసా?" అని అడిగారు. మేము వాగు ఒడ్డున పుట్టిపెరిగిన కోయ బిడ్డలం. మాకూ సరదా పుట్టింది. తెలిసింది చెప్పాం, తెలియనిది చదివి తెలుసుకున్నాం.

రెండో కారణం నవ్వుకునేది కాదు. మొన్న దసరా సెలవుల తర్వాత నారాయణగూడలోని మా హాస్టల్‌కు ఒక అమ్మాయి పదిహేను రోజులు ఆలస్యంగా వచ్చింది. వాళ్ళన్న ఇంటర్ రెండో సంవత్సరం చదివేవాడు. సెలవులకు ఊరికి పోయి, స్నేహితులతో కలిసి వాగులో కరెంటు పెట్టి చేపలు పట్టబోయాడు. చేపలూ తేలాయి, పిల్లవాడూ తేలాడు. ఆ అమ్మాయి తిరిగి వచ్చాక చాలా రోజులు నీళ్ళ బకెట్‌లో చెయ్యి పెట్టడానికి కూడా భయపడింది. ఆమె ఒప్పుకున్నాకే ఈ మాట ఇక్కడ చెబుతున్నాం. పేరు, ఊరు చెప్పం. మీరూ అడగొద్దు.

ఈ రెండు కారణాలూ ఒకే దారిలోకి వస్తాయి. ముందు సరదా సంగతి చూద్దాం.

ఫ్లై అంటే ఈగ. ఫ్లై ఫిషింగ్‌లో గాలానికి వానపామో పిండి ముద్దో గుచ్చరు. చిన్న గాలానికి దారం చుట్టి, కోడి ఈక చుట్టి, పురుగులా కనిపించేట్టు కట్టి దాన్నే ఎరగా వేస్తారు. ఇది కొత్త ఫ్యాషన్ అనుకోకండి. దాదాపు 1800 ఏళ్ళ కిందట ఈలియన్ అనే రోమన్ రచయిత, మాసిడోనియా దేశస్థులు ఒక ఏటిలో ఇలాగే పట్టేవారని రాశాడు. గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండు కట్టేవారట. జపాన్ కొండ ఊళ్ళలో టెంకారా అనే పద్ధతి ఉంది. దానికి చక్రం లేదు, రీలు లేదు. ఒక పొడవాటి కర్ర, చివర దారం, ఈక గాలం, అంతే. ఆ బొమ్మ చూడగానే మాకు మా తాత వెదురు గాలమే కళ్ళ ముందు మెదిలింది.

ఇంకో సంగతి వినండి. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్, అమెరికాల్లో వెదురు చీల్చి ఖరీదైన గాలపు కర్రలు చేసేవారు. వాటికి వాడిన వెదురును కలకత్తా కేన్ అనేవారు. మన దేశం నుంచి పోయిన వెదురు అది. ఈకలు కట్టడానికి మన నాటు కోడిపుంజుల మెడ ఈకలు ఇప్పటికీ విదేశీ దుకాణాల్లో ఇండియన్ పేరుతోనే అమ్ముడవుతాయి. కర్ర మనది, ఈక మనది. కాబట్టి ఇది పెద్దోళ్ళ ఆట, మనకెందుకు అని బెరుకు పడకండి.

ఇక పని నేర్చుకుందాం. రాడ్డు కొన్న తమ్ముళ్ళు నోట్‌బుక్ తీయండి.

మామూలు గాలంలో సీసం గుండు బరువుకు దారం దూరం పోతుంది. ఈక గాలానికి బరువే ఉండదు. బరువంతా దారంలో ఉంటుంది. అందుకే ఫ్లై దారం లావుగా ఉంటుంది. కర్రను వెనక్కి ఎత్తాక ఒక క్షణం ఆగాలి. దారం వెనక పూర్తిగా చాపుకున్నాకే ముందుకు తేవాలి. మీ తల పక్కన ఒక గడియారం ఉందనుకోండి. కర్ర కదలిక 10కి, 2కి మధ్యే ఉండాలి. బలం చూపిస్తే దారం చిక్కు పడుతుంది. మొదట్లో గాలం కట్టకుండా, చివర ఉన్ని ముక్క కట్టి ఖాళీ స్థలంలో సాధన చేయండి. మేము మా హాస్టల్ డాబా మీద చేశాం. పిల్లలు నవ్వారు. మూడో రోజుకు వాళ్ళే వరసలో నిలబడ్డారు.

నీళ్ళను చదవడం రెండో పని. పారే నీళ్ళలో చేప వరదకు ఎదురుగా ముఖం పెట్టి నిలబడుతుంది, కొట్టుకొచ్చే తిండి కోసం. కాబట్టి దిగువ నుంచి, అంటే చేప వెనక వైపు నుంచి రావాలి. మీ నీడ నీళ్ళ మీద పడకూడదు. ఒడ్డున కాళ్ళు దబదబా వేస్తే ఆ అదురు చేపకు ముందే తెలుస్తుంది. వడిగా పారే నీళ్ళు, నిలకడ నీళ్ళు కలిసే గీత చూడండి. పెద్ద బండరాయి వెనక నీడ చూడండి. చేప అక్కడ ఉంటుంది. వేళ పొద్దుపొడుపు, పొద్దుగూకులు. మిట్టమధ్యాహ్నం ఎండలో మీకూ సుఖం లేదు, చేపకూ లేదు.

మూడోది అసలు పాఠం. ఏ ఈక కట్టాలి? పుస్తకం చూసి కట్టొద్దు, వాగును చూసి కట్టండి. వాగులో దిగి ఒక రాయిని మెల్లగా తిప్పి అడుగున చూడండి. రాయిని అంటుకుని చిన్న చిన్న పురుగులు ఉంటాయి. కొన్ని ఇసుక రేణువులతో గూడు కట్టుకుని ఉంటాయి. అవే రెక్కలొచ్చి పైకి ఎగురుతాయి. చేప రోజూ తినేది వాటినే. చూశాక రాయిని మళ్ళీ అలాగే పెట్టండి. తొలకరి వాన పడ్డ సాయంత్రం ఉసిళ్ళు లేస్తాయి కదా. మన ఇళ్ళలో దీపం పెట్టి, గిన్నెలో నీళ్ళు పెట్టి పట్టి, వేయించుకుని తింటాం. అదే సాయంత్రం నీళ్ళలో చేపలూ వాటి కోసమే ఎగిరెగిరి పడతాయి. గోధుమరంగు దారంతో ఒళ్ళు, తెల్ల ఈకతో రెక్కలు కడితే అదే మన ఉసిలి గాలం. పంట కోతల వేళ గట్ల మీది నుంచి మిడతలు నీళ్ళలో పడతాయి. అప్పుడు పచ్చ దారంతో మిడత కట్టండి. ఏ నెలలో ఏ పురుగు, ఏ పురుగుకు ఏ చేప అనేది మన అమ్మమ్మలకు, తాతలకు తెలుసు. సెలవులకు పోయినప్పుడు అడిగి రాసుకోండి. ఆ లెక్క ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఈకల విషయంలో ఒక హెచ్చరిక. కోళ్ళ గూట్లో రాలిన ఈక చాలు. అడవికోడి ఈక అందంగా ఉంటుందని ఉచ్చు పెట్టొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. ఈకల పిచ్చి ఎంతవరకు పోతుందో చెబుతాం. 2009లో ఇంగ్లండ్‌లోని ట్రింగ్ అనే ఊళ్ళో ప్రకృతి చరిత్ర మ్యూజియంలో దొంగతనం జరిగింది. పోయినవి 299 పక్షుల చర్మాలు. వాటిలో నూటయాభై ఏళ్ళ నాటివి కూడా ఉన్నాయి. ఎత్తుకుపోయింది సంగీతం చదువుకునే ఒక కుర్రాడు. ఫ్లైలు కట్టేవాళ్ళకు ఆ ఈకలు అమ్ముకోవాలని చేశాడు. చేపకు ఆ ఈక ఏ దేశం పక్షిదో తెలియదు. తెలిసినట్టు మురిసేది మనిషే.

ఇక్కడిదాకా పట్టడం గురించి చెప్పాం. ఇక వదలడం గురించి.

తెలంగాణ రాష్ట్ర చేప ఏది? పోటీ పరీక్షల వాళ్ళు చెప్పండి. అవును, కొర్రమీను. కొన్నిచోట్ల కొర్రమట్ట అంటారు, బొమ్మె అంటారు. 'మీను' అంటే చేపే. గోండి భాషలోనూ మీన్ అంటే చేపే. ఈ కొర్రమీను పిల్లల్ని పెట్టాక వదిలిపోదు. ఎర్రటి పిల్లలు వందల కొద్దీ ముద్దగా చేరి గాలి పీల్చుకోవడానికి పైకి వస్తుంటాయి. కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. ఆ ముద్ద దగ్గర ఏది పడినా, ఆకలి లేకపోయినా, పిల్లల మీదికి వచ్చిందన్న కోపంతో మీద పడి కొరుకుతుంది. గాలం వేసేవాళ్ళకు ఈ కిటుకు తెలుసు. ఎర్ర ముద్ద కనిపిస్తే దాని మధ్యలో కప్పను వేస్తారు, పెద్ద చేప దొరుకుతుంది. ఫొటోకు బాగుంటుంది. కాపలా పోయిన పిల్లల్ని మిగతా చేపలు, కొంగలు కలిసి ఒక పూటలో ఊడ్చేస్తాయి. ఒక చేపను పట్టామని మీరనుకుంటారు. పోయింది వచ్చే రెండేళ్ళ చేపలు. కాబట్టి మొదటి నియమం రాసుకోండి. ఎర్ర ముద్ద కనిపిస్తే గాలం చుట్టేయాలి.

రెండో నియమం తొలకరిది. మృగశిర కార్తె వస్తుంది, జూన్ 8 ప్రాంతంలో. ఇక్కడికి నడిచి పోయేంత దూరంలో రాంనగర్ చేపల మార్కెట్ ఉంది. ఆ రోజు అక్కడ కాలు పెట్టే సందు ఉండదు. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప ప్రసాదం కోసం జనం బారులు తీరుతారు. మృగశిరకు చేప తినడం మన తెలంగాణ అంతటా ఉన్న ఆచారం. తప్పు పట్టడం లేదు. మార్కెట్‌కు వచ్చే చేపల్లో ఎక్కువ భాగం చెరువుల్లో పెంచినవి. కానీ వాగు సంగతి వేరు. సరిగ్గా ఆ రోజుల్లోనే కొత్త నీళ్ళకు చేపలు ఎదురెక్కుతాయి. కడుపు నిండా జనతో, గుడ్లు పెట్టే చోటు వెతుక్కుంటూ పోతాయి. వాగుకు అడ్డంగా వల కట్టేస్తే ఒక్క చేప కూడా పైకి పోదు. మా ఊరి పెద్దలు వెదురు బుట్టలు పెట్టేవారు, కానీ వాగు అడ్డంగా మొత్తం మూసేవారు కాదు. ఒక పక్క దారి వదిలేవారు. "అన్నీ మనకే అయితే పైనున్నోళ్ళు ఏం తింటరు?" అనేవాడు మా తాత. ఎగువన ఉన్న ఊరి కోసం చెప్పిన మాట అది. చేపల సంతానం కోసం కూడా అదే పనికొచ్చింది.

మూడో నియమం. ఇంటి కూరకు ఎంత కావాలో అంతే. మిగతావి వదిలేయాలి. వదలడానికీ ఒక పద్ధతి ఉంది. గాలం మొనకు వెనక్కి తిరిగిన చిన్న ముల్లు ఉంటుంది కదా, దాన్ని ముందే పట్టకారుతో నొక్కేయండి. అప్పుడు గాలం సులువుగా వస్తుంది. చేపను ముట్టుకునే ముందు చేతులు తడుపుకోండి. దాని ఒంటి మీది జిగురే దానికి చర్మం లాంటిది, పొడి చెయ్యి తగిలితే ఊడిపోతుంది, పుండ్లు పడతాయి. మొప్పల్లో వేళ్ళు పెట్టొద్దు. దవడ పట్టి వేలాడదీయొద్దు. ఫొటో కావాలంటే నీళ్ళలోనే ఉంచి తీయండి. మీరు ఎంతసేపు ఊపిరి బిగపట్టగలరో అంతకంటే తక్కువసేపే దాన్ని బయట ఉంచండి. గాలం గొంతు లోపలికి పోతే లాగొద్దు, దారం కోసేయండి. వదిలేటప్పుడు నీళ్ళలోకి విసరొద్దు. వరదకు ఎదురుగా ముఖం పెట్టి పట్టుకోండి, తోక ఆడించి తనే పోతుంది. ఎండాకాలం నీళ్ళు వేడెక్కితే నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది. అప్పుడు వదిలిన చేప కూడా చచ్చిపోతుంది. ఆ నెలల్లో సరదా వేట మానేయండి.

వదలకూడనివి కూడా ఉన్నాయి. తిలాపియా ఆఫ్రికా చేప, 1952లో మన దేశానికి తెచ్చారు, ఇప్పుడు ఎక్కడ చూసినా అదే. దాన్ని పట్టి కూర వండుకోండి. అశోక్‌నగర్ రూముల్లో గాజుతొట్టెలో చేపలు పెంచేవాళ్ళు రూము ఖాళీ చేసేటప్పుడు వాటిని చెరువులో వదిలేస్తుంటారు. ఆ పని చేయొద్దు. బయటి చేప ఒకటి చేరితే లోపలి చేపలు పది పోతాయి. తాబేలు గాలానికి చిక్కితే జాగ్రత్తగా తీసి వదిలేయాలి, ఇంటికి తీసుకుపోతే నేరం. తెగిన నైలాన్ దారం ఒడ్డున పారేయొద్దు. కొంగల కాళ్ళకు చుట్టుకుంటుంది. జేబులో పెట్టుకుని రండి.

ఈ నియమాలనే బయటి దేశాల వాళ్ళు ఆంగ్లింగ్ ఎథిక్స్ అని పుస్తకాలు రాస్తారు. మన ఊళ్ళలో వాటికి పేరు లేదు. "అట్ల చెయ్యొద్దు బిడ్డా" అనేవారు, అంతే.

ఇప్పుడు బరువైన మాటకు వస్తున్నాం.

మన పెద్దలు అన్నీ మంచిగానే చేశారని మేము చెప్పం. మందు వేసి చేపలు పట్టడం మన దగ్గరా ఉండేది. మంగకాయలు దంచి మడుగులో కలిపేవారు. చేపలు మత్తెక్కి తేలేవి. అయితే అది ఎండాకాలంలో, ఊరంతా కలిసి, ఒక మడుగులో చేసే పని. పట్టింది ఇంటింటికీ పంచేవారు. కాయల రసం కొన్నాళ్ళకు విరిగిపోయేది, వానలు వస్తే వాగు మళ్ళీ నిండేది. దాన్ని చూపించి ఇవాళ బ్లీచింగ్ పౌడర్ పోస్తే, పురుగుమందు పోస్తే ఒకటే అవుతుందా?

ఇది మేము పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మేము ఏడో తరగతి చదివే రోజుల్లో, తాగునీటి ట్యాంకులో కలపాల్సిన బ్లీచింగ్ పౌడర్ సంచి ఒకటి ఊరి పోరగాళ్ళు ఎత్తుకొచ్చి వాగు మడుగులో కుమ్మరించారు. మేమూ పోయాం. ఆడపిల్లలం బుట్టలు పట్టుకుని ఒడ్డున నిలబడ్డాం. తెల్ల పొట్టలు పైకి పెట్టి బేడిసలు, జెల్లలు, పరిగెలు తేలుకుంటూ వచ్చాయి. బుట్టలు నిండాయి. అంత సంతోషం మేము ఏ జాతరలోనూ చూడలేదు. వేలెడంత పిల్లలు ఒడ్డున తెల్లగా పరుచుకుపోయాయి. వాటిని ఎవరూ ఏరుకోలేదు. తాత ఒక్కడే బండ మీద కూర్చుని చూస్తూ ఉన్నాడు. తిట్టలేదు. ఆ రాత్రి కూర మాత్రం ముట్టలేదు.

మరుసటి ఏడు అదే మడుగులో గాలం వేస్తే బెండు కదల్లేదు. ఆ పైయేడూ కదల్లేదు. ఎందుకో అప్పుడు తెలియలేదు. తర్వాత టీచర్ ట్రైనింగ్‌లో సైన్సు చదివినప్పుడు అర్థమైంది. బ్లీచింగ్ పౌడర్‌లోని క్లోరిన్ చేప మొప్పలను కాల్చేస్తుంది. చేపతో ఆగదు. ఇందాక రాయి తిప్పి చూడమన్నాం కదా, ఆ పురుగులూ చస్తాయి. పురుగు లేకపోతే చేపకు తిండి లేదు. పైనుంచి కొత్త చేప వచ్చినా నిలబడదు. గాలం వేసేవాడు వాగును తెలుసుకుంటేనే చేప దొరుకుతుంది. మందు వేసేవాడికి వాగు గురించి ఏమీ తెలియక్కర్లేదు. తేడా అంతా అక్కడే ఉంది.

కరెంటు కూడా అంతే. అది చిన్న చేప, పెద్ద చేప అని చూడదు. నీళ్ళలో నిలబడ్డ మనిషిని కూడా చూడదు. ఆ అమ్మాయి అన్నకు ఈత వచ్చు. వాగు అంతా తెలుసు. అయినా ఏదీ పనికి రాలేదు. రెండు కిలోల చేపల కోసం పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు పోయాడు. మీ ఊళ్ళో ఎవరైనా తీగ పట్టుకుని వాగు వైపు పోతుంటే వీడియో తీయకండి. వెళ్ళి చెయ్యి పట్టుకోండి. తిట్టినా ఫర్వాలేదు, అలిగినా ఫర్వాలేదు.

చట్టం ఏమంటుందో చదువుకునే మీకు తెలియాలి. పేలుడు మందుతో, విషంతో చేపలు చంపడం నేరమని 1897లోనే ఇండియన్ ఫిషరీస్ యాక్ట్ వచ్చింది. నాలుగో సెక్షన్ పేలుడు మందుకు, ఐదో సెక్షన్ విషానికి. అప్పుడు రాసిన శిక్ష రెండు నెలల వరకు జైలు, లేదా రూ.200 వరకు జరిమానా.

కానీ మేము భయపెట్టే చట్టం ఒక్కటే చెప్పి ఊరుకోం. హక్కు ఇచ్చే చట్టం కూడా ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం అనగానే మనకు పోడు భూమి పట్టాలే గుర్తొస్తాయి. మూడో సెక్షన్, ఒకటో ఉపసెక్షన్, డి క్లాజు తీసి చదవండి. చేపలు, నీటి వనరుల్లో దొరికే ఇతర ఉత్పత్తుల మీద ఊరికి సామూహిక హక్కు ఉందని అందులో ఉంది. దాన్ని అడగడానికి ఫారం బి ఉంది. మీ ఊరు ఆ ఫారం నింపిందా? చాలామంది తల అడ్డంగా ఊపుతున్నారు. అదే చట్టంలో ఐదో సెక్షన్ చూడండి. హక్కు ఉన్నవాళ్ళు, వాళ్ళ గ్రామసభ నీటి వనరులను, వాటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడాలని, అడవికీ జీవాలకూ చెడు చేసే పనిని ఆపాలని ఉంది. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగించింది. అంటే వాగులో మందు పోయొద్దని గ్రామసభ తీర్మానం చేయవచ్చు. ఏ నెలలో వల కట్టకూడదో రాసుకోవచ్చు. మనం మందు పోసుకుంటూ కూర్చుంటే, రేపు బయటివాడు వచ్చి వాగును పాడు చేసినప్పుడు ఏ ముఖంతో అడ్డుకుంటాం?

కొమరం భీం పేరు చెప్పి మనం నినాదం ఇస్తాం. జల్, జంగల్, జమీన్. 1940లో జోడేఘాట్‌లో ఆయన ప్రాణం ఇచ్చింది ఆ మూడింటి కోసం. అందులో మొదటి మాట నీళ్ళు. మేడారం పోయినప్పుడు జంపన్నవాగులో దిగి దండం పెట్టి తల మీద నీళ్ళు చల్లుకుంటాం. ఆ వాగుకు మొక్కే చేతితో మన ఊరి వాగులో మందు పోయడం ఏ లెక్క?

మీలో కొందరు రోజూ అశోక్‌నగర్ వంతెన దాటి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోతారు. వంతెన కింద నల్లగా పారే నీళ్ళు చూసి ముక్కు మూసుకుంటారు. అది హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్ళ నాలా. 16వ శతాబ్దంలో కట్టిన చెరువు నుంచి బయలుదేరి, మన రూముల పక్క నుంచే పారి, మూసీలో కలుస్తుంది. ఆ నీళ్ళలో ఇవాళ రాయి తిప్పితే ఏం దొరుకుతుంది? బురదలో బతికే ఎర్ర పురుగు దొరుకుతుంది, అంతే. ఒక్కరోజులో ఇలా అయిపోలేదు. ప్రతి ఒక్కరూ కొంచెం పోశారు, నాదొక్కటే కదా అనుకున్నారు. మన ఊరి వాగు ఇంకా ఆ దశకు రాలేదు. ఇంకా తేట నీళ్ళున్నాయి. అదే మన చేతిలో ఉన్నది.

ఈ ప్రసంగం రాసుకుంటున్నప్పుడు మా హాస్టల్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. "మేడం, తినడానికి పడితే సరే. పట్టి వదిలేయడానికి గాలం వేయడం ఎందుకు? దాని నోరు నొప్పి పెట్టదా?" మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. రెండు రోజులు ఆలోచించి చెప్పాం. నొప్పి పెడుతుంది బిడ్డా. అందుకే ఆకలికి పట్టేవాడు సరదాకు పట్టేవాడి ముందు తల వంచుకోనక్కర్లేదు. పట్టి వదిలేయడమే పెద్ద పుణ్యమని ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు. ఆదివారం సరదాకు పోయే తమ్ముళ్ళకు మా మాట ఒక్కటే. చేప నొప్పికి బదులుగా మీరు ఆ నీళ్ళకు ఏదో ఒకటి ఇవ్వాలి. ఒడ్డున ప్లాస్టిక్ ఏరండి. మందు వేసేవాణ్ణి ఆపండి. ఊరి పిల్లలకు రాయి తిప్పి పురుగు చూపించండి. ఏమీ ఇవ్వలేకపోతే గాలం ఇంట్లోనే పెట్టండి.

సంక్రాంతి సెలవులు వస్తున్నాయి. మీరంతా బస్సులెక్కి ఊళ్ళకు పోతారు. మేము అడిగేది మూడే.

వాగు ఒడ్డున పెద్దవాళ్ళ పక్కన ఒక పూట కూర్చోండి. ఏ చేప ఎప్పుడు ఎదురెక్కుతుంది, ఏ పురుగు ఎప్పుడు లేస్తుంది, ఏ మడుగులో వేట వద్దనేవారు, రాసుకుని రండి. మన భాషలో పేర్లు రాయండి. మీరు తెచ్చిన కాగితాలన్నీ కలిపి మన సంఘం పుస్తకంగా వేయిస్తుందని అధ్యక్షులవారు ఇందాకే మాట ఇచ్చారు.

అటవీ హక్కుల చట్టం కాపీ ఒకటి తీసుకుపోండి. గ్రామసభలో ఆ డి క్లాజు చదివి వినిపించండి. గ్రూప్స్‌కు చదివిన చదువు మొదట ఊరికి అక్కరకు రానివ్వండి.

మూడోది, కరెంటు తీగ, మందు డబ్బా వాగు దగ్గరికి పోనివ్వొద్దు. మీ తమ్ముణ్ణి, మీ బావమరిదిని, మీ స్నేహితుణ్ణి ఆపండి.

మొన్న ఒక సాయంత్రం హాస్టల్ డాబా మీద పిల్లలు ఉన్ని ముక్క కట్టి గాలం విసురుతుంటే, ఆ అమ్మాయి మెట్ల దగ్గర నిలబడి చూసింది. చాలాసేపటికి వచ్చి కర్ర అడిగింది. దారం వెనక్కి పోయింది, ఆగింది, ముందుకు చక్కగా పడింది. "మా అన్నకు చిన్నప్పుడు గాలమే వచ్చు మేడం. తర్వాత మానేసిండు" అంది. మేము ఏమీ అనలేదు. ఇంకోసారి వెయ్యమన్నాం.